పుట మారినప్పుడు మనకు తెలియుట యెట్లు?

లంక గ్రామములలో పుట్టి పెరిగిన వారికి దండోరా యన నేమో వేరుగ చెప్ప నక్కరలేదు. గోదావరి పొంగుచున్నదని ధవళేశ్వరము నుండి కబురు రాగానే గ్రామసేవకుడు డప్పు తగిలించుకొని వీధి వీధి తిరిగి, పశువులను గట్టు మీదికి తోలుకొనవలసినదనియు, పడవలను గట్టిగా కట్టివేయవలసినదనియు చాటును. ఆ పద్ధతి గొప్పతనము డప్పులో లేదు. వార్త తనంతట తాను మన గుమ్మము కడకు వచ్చుటయే దాని గొప్పతనము. పాలు పితుకుచున్న వాడును, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలును, పలక మీద అక్షరములు దిద్దుచున్న పిల్లవాడును తమ పని విడువకయే దానిని విందురు.

నేడు ప్రకటనలు చాలవరకు వెబ్‌సైట్లలో వెలువడుచున్నవి. పరీక్షల తేదీలు, కళాశాలలలో ప్రవేశములు, ఉద్యోగ ప్రకటనలు, విద్యార్థి వేతనముల గడువులు, తుదకు నదిలోని నీటి మట్టము సయితము అందే చూచుకొనవలెను. వెబ్‌సైటు అనగా దూరమున నున్న కార్యాలయపు గోడమీది నోటీసు బోర్డు వంటిది. రాజోలులో నున్నవాడును, భీమవరములో నున్నవాడును అర్ధరాత్రి వేళనైనను దానిని చదువవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఈ బోర్డునకు ఒక లోపము కలదు. దానిమీది పాత కాగితము తీసి క్రొత్తది అంటించినను చప్పుడు కాదు. ఎవరును డప్పు కొట్టరు. మనము మరల పోయి చూచిననే తెలియును, చూడకున్న తెలియదు.

ఈ లోపము వలన కలుగు నష్టమును మేము కన్నులార చూచితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మాయొద్ద పదవ తరగతి ముగించిన ఒక బాలిక ఒక విద్యాసంస్థలో చేరుటకు దరఖాస్తు పెట్టుకొనెను. ఆమె తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. ఇంట నున్న ఒక్క సెల్‌ఫోను ఉదయమే అతనితో తోటకు పోవును. ఒక సోమవారమున మేమే ఆ సంస్థ వెబ్‌సైటు చూచి, సర్టిఫికెట్ల పరిశీలన పై వారము గురువారము నాడని చెప్పి పంపితిమి. రెండు దినములు గడచిన తరువాత, బుధవారమున, ఆ పుటలో తేదీ మారినది. గురువారము తీసివేసి పై వారము సోమవారము అని వేసిరి. మేము మరల చూడలేదు. ఒకసారి చూచితిమి గదా యని ధైర్యముగ నుంటిమి. ఆ బాలిక మేము చెప్పిన గురువారమున అన్ని కాగితములు పట్టుకొని పోవు సరికి సీట్లు నిండిపోయినవి. సాయంకాలము ఆ తండ్రి మా యింటికి వచ్చి, “మాస్టారూ, మీరు చెప్పిన రోజుకే వెళ్లామండి” అని మాత్రమే అనెను. అందులో నింద లేదు. అందుచేతనే ఆ మాట మమ్ము మిక్కిలి బాధించినది.

ఆ దినము మొదలు మేము ఈ విషయమును శ్రద్ధతో నేర్చుకొంటిమి. వెబ్‌సైటులోని ఒక పుట మారిన కొలది కాలములోనే మనకు ఈ-మెయిలు వచ్చునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. దానికి కంప్యూటరు శాస్త్రము చదివి యుండ నక్కరలేదు. ఒక ఈ-మెయిలు ఖాతాయు, అరగంట తీరికయు ఉన్న చాలును. అయితే ఆ ఏర్పాటు ఎట్లు పనిచేయునో, ఎచ్చట తప్పిపోవునో ఎరిగిన తరువాతనే దానిని నమ్మవలెను.

ముందుగ అది పనిచేయు విధమును చెప్పెదము. ఒక కావలివానిని ఊహింపుడు. అతనికి చదివినదాని అర్థము తెలియదు. కాని చూపు మిక్కిలి చురుకైనది. నోటీసు బోర్డు మీద నున్నదంతయు నిన్న ఒక కాగితముపై ఎత్తి వ్రాసికొనెను. నేడు మరల పోయి బోర్డును కాగితమును అక్షరమునకు అక్షరము సరిచూచును. భేదము లేనిచో ఊరకుండును. ఉన్నచో పరుగెత్తుకొని వచ్చి మనకు చెప్పును. పుటలను కనిపెట్టి యుండు కంప్యూటరు ఏర్పాట్లు చేయు పనియు ఇదియే. అవి ఆ పుటను తెప్పించుకొని ప్రతి తీసి దాచును. నియమించిన కాలమునకు మరల తెప్పించి పోల్చును. కొన్ని ఏర్పాట్లు పాఠమంతటిని గణితముచేత ఒక చిన్న గుర్తుగా కుదించి, ఆ గుర్తులనే పోల్చును. ఒక్క అంకె మారినను ఆ గుర్తు వేరగును. ఒక్కొక్కప్పుడు వెబ్‌సైటును నడపు కంప్యూటరే 304 అను సంఖ్యతో బదులు చెప్పును. దానికి “నీవు క్రిందటిమారు చూచినది మారలేదు” అని అర్థము.

ఇక మార్గములు మూడు.

మొదటిది, వెబ్‌సైటు వారే చేసిన ఏర్పాటును వాడుకొనుట. కొన్ని వెబ్‌సైట్లలో సబ్‌స్క్రైబ్ అను మాట యుండును. అచ్చట మన ఈ-మెయిలు చిరునామా ఇచ్చినచో క్రొత్త ప్రకటనలు వారే పంపుదురు. మరికొన్నింటిలో ఆర్.ఎస్.ఎస్. అను మూడక్షరములు కనబడును. అది 1999లో పుట్టిన పద్ధతి. వెబ్‌సైటు వారు తమ క్రొత్త శీర్షికలను ఒక జాబితాగా కూర్చి యుంతురు. దానిని చదివి ఈ-మెయిలుగా మార్చి పంపు సేవలును కలవు. ఇట్టి ఏర్పాటు ఉన్నచో దానినే ముందు వాడవలెను. ఏలయనగా ఇచ్చట బోర్డు యజమానియే డప్పు కొట్టుచున్నాడు.

రెండవది గూగుల్ అలర్ట్స్. ఇది 2003 నుండి యున్న ఉచిత సేవ. మనము కోరిన మాటలు వ్రాసి యుంచినచో, ఆ మాటలు గల క్రొత్త పుటలు గూగులునకు దొరకినప్పుడు ఈ-మెయిలు వచ్చును. దొరకిన వెంటనే కావలెనో, దినమున కొకసారి కావలెనో, వారమున కొకసారి చాలునో మనమే నిర్ణయింపవచ్చును. దీనిని వాడువారు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒకటి, ఇది మాటలను వెదకునే గాని ఒక పుటను కావలి కాయదు. ఉన్న పుటలో తేదీ మాత్రమే మారినచో ఇది చెప్పునని నమ్మరాదు. ఆ బాలిక విషయమున ఇది యున్నను మాకు ఉపయోగపడి యుండదు. రెండవది, మన ప్రాంతపు ఊళ్ల పేర్లను పలువురు పలు విధములుగ వ్రాయుదురు. రాజమండ్రి, రాజమహేంద్రి, రాజమహేంద్రవరము ఒక్క ఊరే. 2015లో ఈ చివరి పేరే అధికారికమైనది. ధవళేశ్వరమును ఇంగ్లీషున వ్రాయు తీరులు ఒకటి కంటె ఎక్కువ. కావున ప్రతి రూపమునకు వేరువేరుగ హెచ్చరిక పెట్టుకొనవలెను. తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు లిపిలో ఒకటి యుండవలెను.

మూడవది మనకు ముఖ్యమైనది: ఒక నిర్దిష్టమైన పుటను కావలి కాయు సేవ. విజువల్‌పింగ్, డిస్టిల్ అనునవి ఇట్టివి. కొలది పుటల వరకు ఉచితముగ చూచిపెట్టును. అంతకు మించి కోరినచో రుసుము ఉండును. తమ కంప్యూటరులోనే నడుపుకొనదలచిన వారికి చేంజ్‌డిటెక్షన్ అను బహిరంగ సాఫ్ట్‌వేరు కలదు. వీనిని అమర్చు క్రమము ఇంచుమించుగ ఒక్కటియే.

ముందు మనకు కావలసిన పుటను తెరచి దాని పూర్తి చిరునామాను తీసికొనవలెను. వెబ్‌సైటు మొదటి పుట చిరునామా ఇచ్చుట చాలమంది చేయు పొరపాటు. ప్రవేశముల తేదీలు లోపలి పుటలో మారినప్పుడు మొదటి పుట మారక పోవచ్చును. తరువాత పుటలో ఏ భాగమును చూడవలెనో గుర్తింపవలెను. పిమ్మట ఎంత కాలమున కొకసారి చూడవలెనో చెప్పవలెను. ప్రవేశముల తేదీలకు ఉదయ సాయంకాలములు రెండుమార్లు చాలును. నిమిషమున కొకసారి చూడుమనుట అనవసరము, అమర్యాదయు నగును. చిన్న కార్యాలయముల కంప్యూటర్లు ఫలితముల దినమున ఇప్పటికే బరువు మోయలేక యుండును. తుదకు ఈ-మెయిలు చిరునామా వ్రాసి, ఆ కావలికి తెలిసిన పేరు పెట్టవలెను. పది హెచ్చరికలు వచ్చినప్పుడు ఏది దేనికో ఆ పేరువలననే తెలియును.

భాగమును గుర్తించుటలోనే నేర్పంతయు నున్నది. మన కావలివానికి అర్థము తెలియదని చెప్పితిమి గదా. అనేక వెబ్‌సైట్ల అడుగున సందర్శకుల సంఖ్య యుండును. ఎవరు చూచినను అది పెరుగును. పైన నేటి తేదీయు, గడియారమును, కదలుచు పోవు అక్షరములును ఉండును. పుట మొత్తమును చూడుమనినచో వీనిలో ఏది మారినను కావలివాడు పరుగెత్తుకొని వచ్చును. నాలుగు దినములు అనవసరముగ వచ్చినచో ఐదవ దినమున మనము ఆ ఈ-మెయిలు తెరువము. నిజమైన వార్త ఆ ఐదవ దినముననే వచ్చును. కనుక తేదీల పట్టిక యున్నంత మేరయే గుర్తింపవలెను.

ప్రకటనలు వేయు తీరును కూడ చూచుకొనవలెను. పెక్కు కార్యాలయములు ప్రకటనను పి.డి.ఎఫ్. దస్తావేజుగా వేసి, పుటలో దాని పేరు మాత్రము చూపుదురు. ఆ దస్తావేజును సవరించి అదే పేరుతో మరల ఎక్కించినచో పైకి కనబడు పుటలో ఏమియు మారదు. కావున పుటను, దస్తావేజును రెంటిని కావలి కాయవలెను. కొందరు కాగితమును ఫొటో తీసి ఆ బొమ్మను వేయుదురు. అక్షరములను పోల్చు ఏర్పాటు బొమ్మలోని అక్షరములను చదువలేక పోవచ్చును. అట్టి చోట రూపమును పోల్చు పద్ధతిని ఎన్నుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది పనిముట్ల సంగతి. ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. ఈ వ్యాసము వ్రాయుట ముఖ్యముగ దానికొరకే. హెచ్చరిక రాలేదనిన మాటకు మార్పు కలుగలేదని అర్థము కాదు. మార్పు కలిగియు కావలివాడు నిద్రపోయి యుండవచ్చును.

అతడు నిద్రపోవుటకు కారణములు పెక్కు. డిస్టిల్ వంటి వానిలో కొన్ని కావళ్లు మన కంప్యూటరులోనే నడచును. కంప్యూటరు ఆపివేసినచో అవియు ఆగును. కావున కరెంటు పోవు ఊళ్లలో వారి కంప్యూటర్లమీదనే నడచు రకమును ఎన్నుకొనుట మేలు. ఉచిత పరిమితి ముగిసి సేవ ఆగిపోవచ్చును. వచ్చిన ఈ-మెయిలు స్పామ్ అను చెత్తబుట్టలో పడి యుండవచ్చును. వెబ్‌సైటు వారు పుట చిరునామానే మార్చి యుండవచ్చును. అప్పుడు మనవాడు ఖాళీ గోడకు ఎదురుగ నిలుచుండి యుండును.

ఇందుకు మన జిల్లాల చరిత్రయే ఒక దృష్టాంతము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినవి. అంతవరకు కాకినాడ ముఖ్యపట్టణముగ నుండిన తూర్పు గోదావరి జిల్లానుండి కాకినాడయు కోనసీమయు వేరు జిల్లాలైనవి. రాజమహేంద్రవరము తూర్పు గోదావరికి ముఖ్యపట్టణ మైనది. పడమట ఏలూరు వేరు కాగా, భీమవరము పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణ మైనది. అమలాపురవాసి యొకడు అంతకుముందు తూర్పు గోదావరి జిల్లా ప్రకటనల పుటకు కావలి పెట్టి యుండెననుకొనుడు. ఆ పుట చెడిపోలేదు. దాని పేరును మారలేదు. అందులో మార్పులు కలుగుచునే యుండును. అతనికి ఈ-మెయిళ్లును వచ్చుచునే యుండును. కాని అతని ఊరి సంగతులు మాత్రము కోనసీమ పుటకు వెళ్లిపోయినవి. కావలివాడు మెలకువగనే యున్నాడు; నిలిచిన చోటు మాత్రము తప్పు. ఇది నిద్రకంటె ప్రమాదకరము.

దీనికి మేము అనుసరించు ఉపాయములు మూడు. మొదటిది, ప్రతి దినము తప్పక మారునట్టి పుట నొకదానిని, ఉదాహరణకు నాటి తేదీ వేయు పుటను, అదే సేవలో కావలి పెట్టుట. దాని ఈ-మెయిలు దినమున కొకటి రావలెను. ఒక దినము రాలేదా, సేవ యైనను, ఈ-మెయిలైనను చెడినదని వెంటనే తెలియును. గంట వినబడుచున్నంత వరకు కావలివాడు మేలుకొని యున్నాడని ఊరివారు నిశ్చింతగ నిద్రించునట్లే ఇదియు. రెండవది, పుట దొరకనప్పుడు కూడ ఈ-మెయిలు పంపుమని అమరిక చేసికొనుట. మూడవది, నెలకొకసారియు, గడువులు సమీపించినప్పుడు వారమున కొకసారియు మన కన్నులతో ఆ పుటను చూచుట. యంత్రమును నమ్మవచ్చును, కాని లెక్క ఒప్పజెప్పించుకొనక నమ్మరాదు.

వరదల విషయము కొంత చెప్పవలసి యున్నది. మన డెల్టా విద్యార్థులు మొదట అడుగు ప్రశ్న అదియే. గోదావరి నీటి మట్టములను కేంద్ర జల సంఘము తన వెబ్‌సైటులో చూపును. భద్రాచలమున మట్టము 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. ధవళేశ్వరమున కాటన్ బ్యారేజి వద్ద 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండవది, 17.75కు మూడవది. కొన్ని సేవలలో మార్పు కలిగినంత మాత్రముననే గాక, ఆ అంకె 11.75 దాటినప్పుడు మాత్రమే తెలుపుమని నియమము పెట్టవచ్చును. ఎగువ భద్రాచలమునకు ఒకటి, ధవళేశ్వరమునకు ఒకటి యుంచినచో వరద నడకను విద్యార్థులు స్వయముగ గ్రహింపగలరు. 2022 జూలై 16న భద్రాచలమున మట్టము 71 అడుగులు దాటినది. 1986 ఆగష్టులో 75.6 అడుగులకు చేరినది. ఇట్టి అంకెలను గణిత తరగతిలో రేఖాపటముగ గీయించినచో పుస్తకములోని లెక్కలకంటె బాగుగ మనసున నాటును.

అయినను ప్రాణములకు సంబంధించిన విషయమున ఈ-మెయిలుపై ఆధారపడరాదని గట్టిగ చెప్పుచున్నాము. మన కావలివాడు గంట కొకసారి చూచిపోవును. నది గంటవరకు ఆగదు. గాలివానలో కరెంటును, సెల్ టవరును పోవచ్చును. వరదకాలమున అధికారులు సెల్‌ఫోనులకు పంపు హెచ్చరికను, గ్రామములోని చాటింపును, 112, 1070 నంబర్లను ఆశ్రయింపవలెను. లంకలనుండి కదలిపొమ్మని చెప్పినప్పుడు వెబ్‌సైటు చూచి వత్తుమని నిలువరాదు. పరీక్ష తేదీకి ఈ-మెయిలు, ప్రాణమునకు గట్టు.

మోసముల గూర్చియు రెండు మాటలు. హెచ్చరిక వచ్చినప్పుడు అందలి లింకును తొందరపడి నొక్కుట మంచిది కాదు. మార్పు జరిగినదని మాత్రము గ్రహించి, మనకు ముందే తెలిసిన చిరునామాతో అసలు వెబ్‌సైటును తెరచి చదువవలెను. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలు సాధారణముగ గవ్.ఇన్ అనియో, నిక్.ఇన్ అనియో ముగియును. ఆధార్ నంబరు గాని, పాస్‌వర్డు గాని, ఓటీపీ గాని అడుగు ఈ-మెయిలు మనము పెట్టిన కావలివాని వద్దనుండి వచ్చినది కాదు. పాస్‌వర్డుతో తెరచు మన సొంత పుటలను ఇట్టి సేవలకు అప్పగింపనే రాదు.

ఇప్పుడు మా పాఠశాలలో ఏర్పాటు ఇట్లున్నది. పదవ తరగతి వారికి కావలసిన పుటలు పదింటికి మించి యుండవు. వానికి పెట్టిన హెచ్చరికలు ఒక్కరికి గాక ఇద్దరు ఉపాధ్యాయులకు వచ్చును. ఒకరు సెలవులో నున్నను రెండవవారు చూతురు. ఉదయము ప్రార్థన గంటకు ముందు ఒక విద్యార్థి ఆ మార్పులను నల్లబల్లమీద వ్రాయును. తేదీ ప్రక్కన, దానిని ఏ దినమున సరిచూచితిమో కూడ వ్రాయుట నియమము. “మాస్టారు చెప్పిరి” అని ఎవ్వరును వ్రాయరు. ఫోను లేని యిండ్ల పిల్లలు ఎవరెవరో ఒక జాబితా కలదు. ఆ యూరి పిల్లలే సాయంకాలము వారి యింటికి పోయి చెప్పుదురు. ఈ-మెయిలు మా బడివరకే వచ్చును. అచ్చటినుండి కొబ్బరితోటలోని గుడిసెవరకు పోవలసిన కడపటి మైలు మనుష్యుడే నడువవలెను.

విద్యార్థులారా, మీలో ఈ-మెయిలు ఖాతా గలవారు ఈ వేసవిలో మీ యూరికి పనికివచ్చు పుటలు మూడు ఏరి, వానికి కావలి పెట్టుడు. దినమున కొకసారి మ్రోగు గంటను మరువకుడు. వార్త వచ్చినప్పుడు మీ యింటిలోనే దాచుకొనక, వీధిలో నలుగురికి చెప్పుడు. ఆ బాలిక మరుసటి సంవత్సరము మరల దరఖాస్తు పెట్టి సీటు సంపాదించుకొన్నది. ఆ సంవత్సరము కూడ తేదీ రెండుమార్లు మారినది. రెండుమార్లును ఆమెకు ఆ సాయంకాలమే తెలిసినది.